ఉద్యోగం లేదన్న జాబుకు మన జవాబు

(బెంగళూరులో తెలుగు క్రైస్తవ యువతీయువకుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంకాలం మనం మాట్లాడుకోబోయేది చాలా చిన్న విషయంలా కనబడుతుంది. ఇంటర్వ్యూకి వెళ్ళాం. బాగానే చెప్పాం అనుకున్నాం. నాలుగు రోజులకో, మూడు వారాలకో ఒక మెయిల్ వచ్చింది. 'అన్‌ఫార్చునేట్లీ' అనే మాట కనబడగానే మిగతాది చదవకుండానే సంగతి అర్థమైపోయింది. ఆ మెయిల్‌కు జవాబు రాయాలా? రాస్తే ఏం రాయాలి? ఉద్యోగం ఇవ్వనివాళ్ళకు కృతజ్ఞతలు చెప్పడం మర్యాదా, ఆత్మగౌరవాన్ని తాకట్టు పెట్టుకోవడమా?

కెరీర్ పాఠాలు చెప్పేవాళ్ళు 'రాయండి, మీకే లాభం' అని ఒక్క మాటలో తేల్చేస్తారు. మనం అంత తేలిగ్గా తేల్చలేం. మన తాతలు ఎవరెవరికి, ఎందుకు దణ్ణాలు పెట్టవలసి వచ్చిందో మనకు తెలుసు. అందుకే ఈ చిన్న జాబు గురించి కొంచెం నిదానంగా ఆలోచిద్దాం.

సాయంత్రం దాకా నిలబడ్డ కూలీలు

మనవాళ్ళలో ఎక్కువమంది ఈ ఊరికి వచ్చిందే పని కోసం. 1978లో కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్ ఎలక్ట్రానిక్స్ సిటీకి పునాది వేసింది. 1983లో ఇన్ఫోసిస్ పుణే నుంచి ఇక్కడికి మారింది. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వచ్చింది. ఆ తర్వాత వచ్చిన కంపెనీలను లెక్కపెట్టడం కష్టం. అనంతపురం, కడప, చిత్తూరు, కర్నూలు బస్సుల్లో మెజెస్టిక్‌లో దిగినవాళ్ళు, కాచిగూడ రైల్లో యశ్వంత్‌పూర్ చేరినవాళ్ళు మారతహళ్ళిలో, బీటీఎం లేఅవుట్‌లో, ఎలక్ట్రానిక్ సిటీలో ఒకే గదిలో ముగ్గురు నలుగురు సర్దుకుంటారు. పొద్దున కోర్సు, మధ్యాహ్నం దరఖాస్తులు, రాత్రి ఇంటికి ఫోను. 'ఏమైంది నాయనా?' అని అమ్మ అడుగుతుంది. 'ఇంకా చెప్పలేదమ్మా' అంటాం. చెప్పేసి రెండు రోజులైనా సరే.

మత్తయి సువార్త ఇరవయ్యో అధ్యాయంలో యేసు చెప్పిన ద్రాక్షతోట ఉపమానం మీకు తెలిసిందే. దాన్ని మనం సాధారణంగా యజమాని దాతృత్వం వైపు నుంచి చదువుతాం. ఒకసారి సాయంత్రం అయిదు దాకా సంతవీధిలో నిలబడ్డవాళ్ళ వైపు నుంచి చదవండి. అది అచ్చంగా మన కూలీల అడ్డా. పొద్దున్నే వచ్చినవాళ్ళను ఒకరు పట్టుకెళ్ళారు. తొమ్మిదికి కొందరు, పన్నెండుకు కొందరు, మూడుకు కొందరు వెళ్ళారు. వీళ్ళు మాత్రం మిగిలిపోయారు. ఎందుకు ఊరకే నిలబడ్డారని యజమాని అడిగితే, తమను ఎవరూ పనికి పిలవలేదని చెప్పారు. సోమరులై నిలబడలేదు, పనికి రాక నిలబడలేదు. పిలుపు రాలేదు, అంతే. యజమాని ఆ జవాబును తప్పు పట్టలేదు, సంజాయిషీ అడగలేదు.

పిలుపు రానివాడు పనికిరానివాడు కాడు. మొదట ఈ సంగతి మనసులో గట్టిగా నాటుకోవాలి. ఇది నాటుకోకుండా రాసిన కృతజ్ఞత జాబులో వంగిన నడుము కనిపిస్తూనే ఉంటుంది.

దణ్ణం వేరు, కృతజ్ఞత వేరు

మన ఊళ్ళలో చేసిన కూలికి గింజలు కొలిచి ఇచ్చేటప్పుడు కూడా 'నీ కాళ్ళు మొక్కుతా దొరా' అనిపించుకున్న కాలం ఒకటి ఉంది. అది వాళ్ళ కష్టార్జితం. దాన్ని భిక్షంలా చేతిలో పోసి, పైగా దణ్ణం కూడా తీసుకునేవారు. ఆ దణ్ణం భయం నుంచి పుట్టింది. పెట్టకపోతే రేపు పని ఉండదు.

ఆ అలవాటు కాగితం మీదికి కూడా వచ్చింది. బడిలో సెలవు చీటీ రాయడం నేర్పినప్పుడే 'తమరి విధేయుడు', 'వేడుకొనుచున్నాను' అని రాయడం నేర్చుకున్నాం. ఆఫీసుకి అర్జీ రాసినా అదే ధోరణి, ఉద్యోగానికి రాసినా అదే ధోరణి. యువత రాసుకొచ్చిన జాబులు మేము చూస్తుంటాం. చాలా వాటిలో మా నాన్నగారికి ఆరోగ్యం బాగాలేదు, చెల్లి పెళ్ళి ఉంది, దయచేసి మరొకసారి ఆలోచించండి అనే వాక్యాలు ఉంటాయి. అవన్నీ నిజాలే. ఆ బాధ చిన్నది కాదు. కానీ ఉద్యోగం మీ పనితనానికి ఇవ్వవలసినది, మీ కష్టాలు విని జాలిపడి ఇచ్చేది కాదు. ఇంటి కష్టం దేవునికి చెప్పుకోండి, సంఘానికి చెప్పండి, స్నేహితులకు చెప్పండి. మిమ్మల్ని అరగంట మాత్రమే చూసిన మేనేజరుకు చెప్పనక్కరలేదు.

మరి కృతజ్ఞత అంటే ఏమిటి? లూకా పదిహేడో అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే ఒక్కడే తిరిగివచ్చి కృతజ్ఞత చెప్పాడు. అతడు సమరయుడు, యూదులు పక్కన పెట్టిన జాతివాడు. వెనక్కి రమ్మని అతణ్ణి ఎవరూ ఆజ్ఞాపించలేదు. రాకపోతే కుష్ఠు మళ్ళీ వస్తుందని ఎవరూ బెదిరించలేదు. తనంతట తాను వచ్చాడు. భయపడి పెట్టే దణ్ణానికీ, స్వేచ్ఛగా చెప్పే కృతజ్ఞతకూ తేడా అక్కడే ఉంది.

ఉద్యోగం ఇవ్వనందుకు కృతజ్ఞత చెప్పమని మేము అనడం లేదు. అది అబద్ధం, రాసినా నమ్మరు. ఒక మనిషి మీ రెజ్యూమె చదివాడు, నలభై నిమిషాలు మీతో మాట్లాడాడు, ఫలితాన్ని దాచకుండా చెప్పాడు. ఆ సమయానికీ ఆ మాటకూ కృతజ్ఞత చెబుతున్నాం. వాళ్ళు వాళ్ళ పని మర్యాదగా చేశారు, మనం మన పని మర్యాదగా చేస్తున్నాం. సమానులు సమానులతో మాట్లాడే తీరు అది.

ఎంపిక కాని యోసేపు, అనుమతి దొరకని దావీదు

బైబిలులో ఇంటర్వ్యూ లాంటి సంఘటన ఒకటి ఉంది. అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయం. యూదా స్థానం ఖాళీ అయింది. దాదాపు నూట ఇరవైమంది కూడుకున్నారు. పేతురు అర్హత ఏమిటో ముందే స్పష్టంగా చెప్పాడు: యోహాను బాప్తిస్మం నాటినుంచి ప్రభువు ఆరోహణం వరకు తమతో కలిసి ఉన్నవాడై ఉండాలి. అర్హత ఉన్నవాళ్ళలో ఇద్దరిని నిలబెట్టారు. ఒకరు మత్తీయ. ఇంకొకరు బర్సబ్బా అనబడిన యోసేపు, యూస్తు అని మారుపేరు. ప్రార్థన చేసి చీట్లు వేశారు. చీటి మత్తీయ పేరున వచ్చింది.

యోసేపుకు ఏం తక్కువైంది? ఏమీ తక్కువ కాలేదు. అర్హత ఇద్దరిదీ ఒక్కటే. ఉన్న స్థానం కూడా ఒక్కటే. ఆ సాయంత్రం అతను ఎలా ఇంటికి వెళ్ళాడో లూకా రాయలేదు. ఒక సంగతి మాత్రం గమనించండి. ఎంపిక కాని ఆ యోసేపు పేరు ఆ తర్వాత కొత్త నిబంధనలో కనిపించదు. ఎంపికైన మత్తీయ పేరూ మళ్ళీ కనిపించదు! ఆ ఒక్క చీటితో ఒకరి జీవితం గెలిచిందనీ మరొకరిది ఓడిందనీ లేఖనం ఎక్కడా లెక్క కట్టలేదు.

రెండో మనిషి దావీదు. దేవునికి మందిరం కట్టాలని ఎంతో ఆశపడ్డాడు. మొదట నాతాను ప్రవక్త సరే అన్నాడు. ఆ రాత్రే మాట మారింది. కట్టేది నువ్వు కాదు, నీ కుమారుడు అని కబురు వచ్చింది. అంత పెద్ద 'కాదు' విన్న రాజు ఏం చేశాడు? యెహోవా సన్నిధిలో కూర్చుని ప్రార్థించాడు. రెండో సమూయేలు ఏడో అధ్యాయంలో ఉన్న ఆ ప్రార్థన మొత్తం కృతజ్ఞతే. తర్వాత దేవదారు మాను, ఇనుము, ఇత్తడి, బంగారం పోగుచేసి, తాను కట్టలేని మందిరం కోసం కొడుక్కి అప్పగించాడు. తనకు దక్కని పని బాగా జరగాలని కోరుకోవడం అంటే అదే. మనం రాసే జాబులో 'మీ బృందానికి శుభాకాంక్షలు' అనే చివరి వాక్యాన్ని మనస్ఫూర్తిగా రాయగలిగితే దావీదు చేసిన దానిలో రవ్వంతైనా మనమూ చేసినట్టే.

ఇక జాబు సంగతి

ఇప్పుడు పనిలోకి దిగుదాం.

మొదటిది, ఎప్పుడు రాయాలి? మెయిల్ చూసిన వెంటనే రాయకండి. ఆ గంటలో వేళ్ళు మన మాట వినవు. ఒక రాత్రి నిద్రపోండి. మరునాడో ఆ మరునాడో రాయండి. వారం దాటితే రాసినా పెద్ద ఉపయోగం ఉండదు.

రెండోది, ఎవరికి రాయాలి? మనిషి పేరుతో వచ్చిన మెయిల్‌కే రాయాలి. వెబ్‌సైట్‌లో రెజ్యూమె పెట్టినందుకు యంత్రం పంపిన తిరస్కారానికి రాయనక్కరలేదు. అది చదివేవాళ్ళే ఉండరు. ఇంటర్వ్యూ చేసినవారి చిరునామా ఉంటే వారికి కూడా ఒక ప్రతి పంపవచ్చు. ఇంటర్వ్యూ అయ్యాక అసలు జవాబే రాలేదనుకోండి, ఇప్పుడు ఇదీ చాలా మామూలైపోయింది. వాళ్ళు చెప్పిన గడువు దాటిన వారం తర్వాత ఒక్కసారి మర్యాదగా అడగండి. రెండోసారి అడిగినా పలకకపోతే ఆ తలుపు వదిలేయండి.

మూడోది, ఎంత రాయాలి? అయిదారు వాక్యాలు. ఫోనులో కిందికి జరపకుండా చదవగలిగేటంత.

నాలుగోది, ఏం రాయాలి? సమయం ఇచ్చినందుకు, ఫలితం చెప్పినందుకు కృతజ్ఞత. సంభాషణలో మీకు నిజంగా నచ్చిన ఒక్క విషయం, పేరు పెట్టి. నిరాశ ఉంటే ఒక్క వాక్యంలో. ముందు ముందు తగిన ఖాళీ వస్తే ఆసక్తి ఉందని. చివర శుభాకాంక్షలు, మీ పేరు, ఫోను నంబరు. అంతే.

మెయిల్ ఇంగ్లీషులోనే రాస్తారు. అయినా ముందు తెలుగులో రాసుకోండి. తెలుగులో రాసుకుంటే మనం అనాలనుకున్నది ఏమిటో మనకే తెలుస్తుంది. ఉదాహరణకు ఇలా:

'నమస్కారం. నిన్న మీరు పంపిన మెయిల్ అందింది. ఫలితం స్పష్టంగా తెలియజేసినందుకు కృతజ్ఞతలు. గత మంగళవారం ఇంటర్వ్యూలో నా ప్రాజెక్టులోని డేటాబేస్ భాగాన్ని ఎందుకు అలా కట్టానని మీరు అడిగిన ప్రశ్న నాకు బాగా ఉపయోగపడింది. ఇంటికి వచ్చి ఆ భాగాన్ని మళ్ళీ చూసుకున్నాను. ఈ ఉద్యోగం రానందుకు నిరాశగానే ఉంది, అయినా మీ బృందంతో మాట్లాడడం సంతోషం కలిగించింది. ముందు ముందు ఇలాంటి ఖాళీ ఉంటే నన్ను గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాను. మీ బృందానికి నా శుభాకాంక్షలు.'

ఇందులో ఎక్కడైనా చేతులు జోడించి వంగామా? లేదు. అబద్ధం ఉందా? లేదు. రాసింది ఒక నిటారైన మనిషి అని తెలుస్తోంది. ఇంటర్వ్యూ ప్రశ్న గురించిన ఆ ఒక్క వాక్యమే దీనికి ప్రాణం. మీ అనుభవం నుంచి అది రాయాలి. దాన్ని ఎవరూ మీకు రాసిపెట్టలేరు. ఏఐతో రాయించి పంపే జాబులు ఇప్పుడు ఎక్కువయ్యాయి. వందమంది ఒకే జాబు పంపితే వంద మందీ కనిపించకుండా పోతారు. అంతకంటే ప్రమాదం, పాత జాబు కాపీ చేసి ముందటి కంపెనీ పేరు మార్చడం మరిచిపోవడం.

ఎక్కడ లోటు ఉందో చెప్పమని అడగవచ్చా? అడగవచ్చు. ఒక్క వాక్యంలో, ఒక్కసారి. 'వీలుంటే నేను మెరుగుపరచుకోవలసిన ఒక విషయం చెప్పగలరా?' అంటే చాలు. జవాబు రాకపోతే పట్టుబట్టకండి. చాలా కంపెనీలు ఆ వివరాలు రాతపూర్వకంగా ఇవ్వవు. వచ్చిన జవాబుతో వాదనకు దిగకండి. ఎంపికైనవాడి మీద ఒక్క మాట కూడా తూలకండి. ఆ మెయిల్‌ను ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లోనూ లింక్డిన్‌లోనూ పెట్టి వెక్కిరించకండి.

జాబు చివర వాక్యం పెట్టాలా అని కొందరు అడుగుతారు. మన విశ్వాసం మన తీరులో కనబడితే చాలదా? అవతలి మనిషి ఏ మతంవాడైనా 'ఈ అబ్బాయి మాట బాగుంది, ఈ అమ్మాయి నిబ్బరం బాగుంది' అనుకుంటే ఆ జాబే సాక్ష్యం.

దీనివల్ల లాభం ఉందా? నియామకాలు జరిగే తీరు తెలిస్తే మీకే అర్థమవుతుంది. చాలా ఐటీ కంపెనీల్లో నోటీసు పీరియడ్ రెండు మూడు నెలలు. ఎంపికైనవాళ్ళు ఆ వ్యవధిలో మరో ఆఫర్ చూసుకుని చేరకపోవడం తరచూ జరుగుతుంది. అప్పుడు మేనేజరు కొత్తగా ప్రకటన ఇచ్చేకంటే రెండో స్థానంలో ఉన్నవాళ్ళ పేరు వెతుకుతాడు. హెచ్‌ఆర్‌లో పనిచేసేవాళ్ళు కూడా కంపెనీలు మారుతుంటారు, మంచి పేరు వాళ్ళతో పాటు వెళుతుంది. అయితే మాట ఇవ్వలేం. పది జాబులు రాసినా ఒక్క పిలుపూ రాకపోవచ్చు. లాభం కోసమే రాస్తే మూడో జాబుకే విసుగొస్తుంది. మర్యాద మన స్వభావమని రాస్తే విసుగు రాదు.

కృతజ్ఞత చెప్పకూడని చోటు

ఇంతవరకు చెప్పింది న్యాయంగా జరిగిన ఇంటర్వ్యూ గురించి. అన్నీ అలా జరగవు.

సుఖదేవ్ థోరాట్, పాల్ అటవెల్ అనే ఇద్దరు పరిశోధకులు 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక అధ్యయనం ప్రచురించారు. 66 వారాలపాటు పత్రికల్లో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. చదువు, అర్హత సమానం, పేరు మాత్రం వేరు. అగ్రకుల హిందూ పేరుకు పిలుపు వచ్చే అవకాశాన్ని ఒకటిగా తీసుకుంటే, దళిత పేరుకు ఆ నిష్పత్తి 0.67, ముస్లిం పేరుకు 0.33 వచ్చింది. మనిషిని చూడకముందే, మాట వినకముందే జరిగిన వడపోత ఇది. అదే ఏడాది సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ ప్రాంతపు కంపెనీల హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడి చేసిన పరిశీలనలో 'కుటుంబ నేపథ్యం' గురించిన ప్రశ్న ఎంత మామూలో బయటపడింది. ఇంటిపేరేమిటి, నాన్నగారు ఏం చేస్తారు, ఊళ్ళో ఇల్లు ఏ వైపు అనే ప్రశ్నల వెనక ఏముందో మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

తెలుగు క్రైస్తవులకు దీనిలో ఇంకో ముడి ఉంది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు, దళిత ముస్లింలు ఇంకా బయటే ఉన్నారు. తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవం పుచ్చుకున్న ఎస్సీలను బీసీ-సీలో పెట్టి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. ప్రైవేటు ఉద్యోగాల్లో అదీ లేదు. అందుకే మనలో ఎందరికో సర్టిఫికెట్‌లో ఒక పేరు, గుడిలో ఒక పేరు. ఇంటర్వ్యూలో పేరు చెప్పేటప్పుడు ఒక్క క్షణం గొంతు తడబడితే దాని వెనక ఇంత చరిత్ర ఉంది.

కాబట్టి వేరుచేసి చూడడం నేర్చుకుందాం. మీకంటే అనుభవం ఉన్నవారిని తీసుకున్నారా? అది ఎంపిక. దానికి కృతజ్ఞత జాబు రాయండి. మీ కులం, మతం, పెళ్ళి, గర్భం గురించి అడిగి ఆ తర్వాత వద్దన్నారా? అక్కడ కృతజ్ఞత జాబు రాయకండి. ఏ తేదీన, ఎవరు, ఏ ప్రశ్న అడిగారో ఆ రోజే కాగితం మీద రాసిపెట్టుకోండి. సంఘంలో లాయర్లు ఉంటే చూపించండి. కంపెనీ పైఅధికారులకు, ఉంటే ఫిర్యాదుల విభాగానికి నిదానమైన మాటల్లో రాయండి. ప్రభుత్వరంగ ఉద్యోగమైతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద మీ మార్కుల వివరాలు అడగండి. కేంద్ర సంస్థలకు దరఖాస్తు రుసుము 10 రూపాయలు, జవాబు గడువు 30 రోజులు. ఇక డబ్బు కడితే దొడ్డిదారిన ఉద్యోగం ఇప్పిస్తామని ఫోన్ చేసేవాళ్ళు ఉంటారు. ఉద్యోగం రాని వారంలోనే వాళ్ళ మాట తియ్యగా ఉంటుంది. ఒక్క రూపాయి కూడా కట్టకండి.

మర్యాదకూ ప్రశ్నకూ వైరం లేదని చెప్పే సంఘటన ఈ ఊళ్ళోనే జరిగింది. 1974లో సుధామూర్తి ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చదువుతున్నారు. టెల్కో కంపెనీ ఇంజనీర్ల కోసం పెట్టిన ప్రకటన నోటీసు బోర్డులో కనబడింది. ఆడవాళ్ళు దరఖాస్తు చేయనక్కరలేదని అందులో ఉంది. ఆమె ఒక పోస్టుకార్డు తీసుకుని నేరుగా జేఆర్‌డీ టాటాకు రాశారు. ఇంత పేరున్న సంస్థ ఆడవాళ్ళ పట్ల ఇలా తేడా చూపడం ఏమిటని అడిగారు. కొద్దిరోజులకు పుణేలో ఇంటర్వ్యూకి రమ్మని టెలిగ్రాం వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. ఆమె వెనక చదువుకున్న కుటుంబం ఉంది, అవతల వినే మనిషి ఉన్నాడు. అందరి కార్డుకూ టెలిగ్రాం రాదు. అయినా అన్యాయాన్ని ఒక పోస్టుకార్డులో, గట్టిగానూ సభ్యంగానూ అడగవచ్చని ఆ కార్డు చూపించింది.

చెంపమీద కొట్టినవాడికి రెండో చెంప చూపమన్న ప్రభువే, ప్రధానయాజకుని ముందు బంట్రౌతు తనను కొట్టినప్పుడు ఎందుకు కొట్టావని అడిగాడు. యోహాను సువార్త పద్దెనిమిదో అధ్యాయం తెరిచి చూడండి. తిట్టలేదు, బెదిరించలేదు, అడిగాడు. కృతజ్ఞత జాబు రాయగల చెయ్యే ఆ ప్రశ్న జాబు కూడా రాయగలగాలి.

సంఘం చేయవలసింది

చివరగా ఉద్యోగం ఉన్న పెద్దలతో రెండు మాటలు.

మన ఆరాధనల్లో సాక్ష్యాల సమయం ఉంటుంది. ఉద్యోగం వచ్చినవాళ్ళు నిలబడి స్తుతిస్తారు, అందరం చప్పట్లు కొడతాం. మంచిదే. ఉద్యోగం రానివాళ్ళు వెనక వరుసలో తల దించుకుని కూర్చుంటారు. 'నీకు విశ్వాసం చాలలేదు', 'దేవుని చిత్తం కాదేమో' అని ఒక్క మాటతో పంపేస్తాం. దేవుని చిత్తాన్ని అంత చవకగా వాడకూడదు. పేరు చూసి పక్కన పెట్టిన రెజ్యూమె దేవుని చిత్తం వల్ల పక్కకు పోలేదు, మనుషుల పక్షపాతం వల్ల పోయింది.

నెలకు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక గంటసేపు కూర్చోండి. పిల్లల రెజ్యూమెలు చూడండి, ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేయండి, ఈ జాబులు రాయించండి. పీజీ అద్దె కట్టలేక ఊరికి తిరిగి వెళ్ళిపోయేవాళ్ళ కోసం కానుకల్లో ఒక చిన్న భాగం తీసిపెట్టండి. రెండు నెలల అద్దె ఒకరి జీవితాన్ని నిలబెడుతుంది.

మీలో ఇంటర్వ్యూ బల్లకు అవతలివైపు కూర్చునేవాళ్ళు కూడా ఉన్నారు. మీ బాధ్యత ఇంకా పెద్దది. పిలిచినవాళ్ళకు ఫలితం చెప్పకుండా వదిలేయకండి. చెప్పిన రోజున చెప్పండి. వీలైతే ఒక కారణం ఇవ్వండి. ఇంటిపేరు అడిగే సహోద్యోగిని అక్కడే ఆపండి. ఎవరైనా కృతజ్ఞత జాబు రాస్తే రెండు మాటల జవాబివ్వండి. పేతురు చేసినట్టు అర్హత ఏమిటో అందరి ముందు చెప్పి, ఆ అర్హతనే చూడండి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీలో కొందరి ఫోనులో జవాబు రాయని మెయిల్ ఇప్పటికీ ఉండి ఉంటుంది. ఈ రాత్రి తెరవండి. అది కృతజ్ఞత అడుగుతోందో, ప్రశ్న అడుగుతోందో చూడండి. ఏది అడుగుతుంటే అది అయిదారు వాక్యాల్లో రాయండి. పంపేముందు పక్క మంచంమీది స్నేహితుడికి ఒకసారి చదివి వినిపించండి. రేపు మళ్ళీ దరఖాస్తులు వేయండి. సాయంత్రం అయిదింటికి కూడా సంతవీధికి వెళ్ళి పనివాళ్ళను వెతికిన యజమానిని మనం ఆరాధిస్తున్నాం. ఆయన మీకు ఓపికనూ, మీ మాటకు నిబ్బరాన్నీ ఇచ్చునుగాక.